చివర నిలబడ్డోడిదేనా తప్పు?

ఫుట్‌బాల్ మ్యాచ్ ఓడిపోయిన సాయంత్రం గ్రౌండ్ గట్టున కూర్చున్నవాళ్ల మాటలు ఎప్పుడైనా విన్నారా? జగిత్యాల అయినా, కోరుట్ల అయినా, సిరిసిల్ల అయినా మాట ఒక్కటే. "కీపర్ సక్కగ పట్టి ఉంటే గెలుస్తుంటిమి." "ఆ పిల్లగాన్ని గోల్‌ల ఎవలు నిలబెట్టిన్రు?" "వచ్చే మ్యాచ్‌కు వాన్ని తీసెయ్యాలె." పదకొండు మంది ఆడిన ఆటకు పది నిమిషాల్లో తీర్పు వచ్చేస్తుంది. ముద్దాయి ఒక్కడే. వాడి వయసు పదిహేనో పదహారో ఉంటుంది.

మన దిక్కు ఫుట్‌బాల్‌కు పెద్ద పీట లేదు. కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ తర్వాతే దానికి చోటు. స్కూల్ గేమ్స్ పోటీలు దగ్గరపడ్డప్పుడు పీఈటీ సారు పిల్లల్ని పోగుచేసి జట్టు కడతాడు. ఉరికేటోడు ఫార్వర్డ్. గట్టిగా తన్నేటోడు డిఫెన్స్. మరి గోల్‌కీపర్ ఎవరు? ఎవరూ ముందుకు రారు. చివరికి కొంచెం పొడుగున్నవాడినో, మారు మాట్లాడనివాడినో, క్రికెట్‌లో క్యాచ్‌లు బాగా పట్టేవాడినో తెచ్చి నిలబెడతారు. గ్లవ్స్ ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేదు. డైవ్ కొడితే మోచేతులు చెక్కుకుపోయే మొరం నేల. గోల్‌కీపింగ్ నేర్పేవాళ్లు ఎవరూ ఉండరు. కానీ గోల్ పడితే మాత్రం అందరూ కోచ్‌లే.

ఒక్కసారి ఆ పిల్లవాడి ఎదుట ఉన్న లెక్క చూడండి. పెద్దల గోల్ వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు. అంటే 192 చదరపు అడుగుల వాకిలి. దానికి ఐదడుగుల పిల్లవాడు కాపలా. పెనాల్టీ కొట్టే చోటు గోల్‌కు 12 గజాల దూరం. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో తన్నిన బంతి ఆ దూరాన్ని దాటడానికి పట్టేది దాదాపు 0.4 సెకను. కన్ను ఆర్పి తెరిచేంత సేపు. చాలా దేశాల్లో చిన్నపిల్లల మ్యాచ్‌లకు చిన్న గోల్‌పోస్టులు పెడతారు. ఏడో తరగతి పిల్లవాడిని ఆరడుగుల మనిషికి కట్టిన వాకిలి ముందు నిలబెట్టి, పై మూలకు వెళ్లిన బంతిని ఎందుకు పట్టలేదని అడగడం న్యాయమేనా?

అయితే అసలు సంగతి వాకిలి కొలతల్లో లేదు, గోల్ ఎలా తయారవుతుందన్న దాంట్లో ఉంది.

సిరిసిల్లవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. సాంచె మీద గుడ్డ తయారయ్యేసరికి నూలు ఎన్ని చేతులు మారుతుందో వాళ్లకు తెలుసు. కండెలు చుట్టేవాళ్లు ఒకరు. వార్పిన్ మీద భీము పట్టేవాళ్లు ఇంకొకరు. వైపని చేసి పోగుకు పోగు కలిపేవాళ్లు మరొకరు. అందరి పనీ అయ్యాక సాంచె నడిపేవాడి వంతు. పోగు మొదట్లోనే బలహీనంగా ఉంటే తెగేది మాత్రం సాంచె మీదే, ఆ కార్మికుడి కళ్ల ముందే. గుడ్డలో లోపం బయటపడితే ముందుగా వేలు చూపించేది అతనివైపే. ఎందుకంటే లోపం కనబడ్డ చోట ఉన్నది అతనే. లోపం కనబడ్డ చోటు వేరు, లోపం పుట్టిన చోటు వేరు.

గోల్ కూడా అంతే. ఫార్వర్డ్ అనవసరంగా బంతి పోగొట్టుకుంటాడు. మిడ్‌ఫీల్డర్లు వెనక్కి పరుగెత్తరు. కుడివైపు బ్యాక్ అప్పటికే గోల్ కొట్టాలన్న ఆశతో ముందుకు వెళ్లి ఉంటాడు. మధ్యలో ఉన్న ఇద్దరు డిఫెండర్లు "నువ్వు పట్టుకుంటవనుకున్న" అంటే "నువ్వు పట్టుకుంటవనుకున్న" అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఎదుటి జట్టువాడు ఒంటరిగా వచ్చి పది గజాల నుంచి తంతాడు. ఇన్ని పోగులు తెగాక బంతి కీపర్ దగ్గరకు చేరుతుంది. మనం చూసేది మాత్రం చివరి క్షణమే, వలలో ఊగుతున్న బంతినీ నేల మీద పడి ఉన్న పిల్లవాడినీ.

ఫార్వర్డ్ మ్యాచ్‌లో ఐదు అవకాశాలు పాడుచేసి ఆరోదాన్ని గోల్ చేస్తే హీరో. కీపర్ ఐదు బంతులు ఆపి ఆరోది వదిలితే దొంగ. ఒకే ఆటలో రెండు తక్కెళ్లు ఎందుకున్నాయో ఎవరూ అడగరు.

ఈ నింద ఎంత దూరం వెళ్తుందో తెలియాలంటే బ్రెజిల్ గోల్‌కీపర్ బార్బోసా కథ వినాలి. 1950 జూలై 16న రియోలోని మారకానా స్టేడియంలో ప్రపంచకప్ ఆఖరి మ్యాచ్. ఉరుగ్వేతో డ్రా చేసుకున్నా కప్పు బ్రెజిల్‌దే. దేశమంతా ముందే పండుగ చేసుకుంది. కానీ 79వ నిమిషంలో ఉరుగ్వే ఆటగాడు గిగ్గియా కుడివైపు నుంచి దూసుకొచ్చి, బార్బోసాకూ పోస్టుకూ మధ్యనున్న సందులోంచి బంతి కొట్టాడు. 2-1తో బ్రెజిల్ ఓడింది. గిగ్గియాను అంత దూరం రానిచ్చిందెవరు? గోల్ కొడితే చాలన్న ధీమాతో వెనక వాకిలి తెరిచిపెట్టిందెవరు? ఈ ప్రశ్నలు కొందరు అడిగారు గానీ శిక్ష మాత్రం ఎక్కువగా బార్బోసాకే పడింది. నల్లజాతివాడు కావడం ఆ నిందను ఇంకా పెంచింది. తమ దేశంలో ఎంత పెద్ద నేరానికైనా 30 ఏళ్లే శిక్ష అనీ, తాను మాత్రం 50 ఏళ్లుగా అనుభవిస్తున్నాననీ ఆయన చివరి రోజుల్లో వాపోయాడు. 2000 ఏప్రిల్‌లో ఆ నిందతోనే కన్నుమూశాడు.

మన దేశం కూడా ఒకప్పుడు ఘోరంగా ఓడింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మన మీద 10 గోల్స్ కొట్టింది. మనం కొట్టింది ఒక్కటి. పది గోల్స్ అంటే కీపర్‌ను తిట్టిపోయడానికి అంతకన్నా ఏం కావాలి? కానీ ఆ ఓటమి నుంచి నేర్చుకున్న పాఠం వేరు. ఆ రోజు మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. కోచ్ మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం. జట్టు ఆడే పద్ధతినే ఆయన మార్చుకుంటూ వచ్చాడు. నాలుగేళ్లకు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. ఆ ఫైనల్లో గోల్ కాసింది హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్. ఆ మ్యాచ్‌లోనూ ఒక గోల్ పడింది. ఈ రోజు దాన్ని ఎవరైనా తలుచుకుంటారా? ముందున్న పదిమంది తమ పని తాము చేస్తే కీపర్ వదిలిన గోల్ చరిత్రలో ఒక అంకెగా మిగిలిపోతుంది. వాళ్లు చేయకపోతే అదే గోల్ అతని మెడకు చుట్టుకుంటుంది.

ఇంకా దగ్గరి ముచ్చట చూద్దాం. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్లో హైదరాబాద్ ఎఫ్‌సీ కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి కప్పు గెలిచింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. రెండేళ్లు తిరిగేసరికి అదే క్లబ్ అట్టడుగున పడింది. 2023-24 సీజన్‌లో 22 మ్యాచ్‌లు ఆడితే గెలిచింది ఒక్కటే. ఏమైందని చూస్తే జీతాలు అందక గొడవ. విదేశీ ఆటగాళ్లు దాదాపు అందరూ వెళ్లిపోయారు. అనుభవం లేని కుర్రాళ్లతో జట్టు నెట్టుకొచ్చింది. 2025లో ఆ క్లబ్ ఏకంగా హైదరాబాద్ వదిలి ఢిల్లీకి తరలిపోయింది. ఆ పతనం నాటి సీజన్‌లో హైదరాబాద్ గోల్ ముందు నిలబడ్డవాళ్లలో గుర్మీత్ సింగ్ అనే యువకుడు ఒకడు. తర్వాత అతను నార్త్ ఈస్ట్ యునైటెడ్‌కు మారాడు. 2024 ఆగస్టు 31న కోల్‌కతాలో డ్యూరాండ్ కప్ ఫైనల్. ఎదురుగా మోహన్ బగాన్. 2-2తో సమమయ్యాక పెనాల్టీల్లో గుర్మీత్ రెండు ఆపి జట్టుకు కప్పు అందించాడు. చేతులు అవే, గ్లవ్స్ అవే. మారింది ముందున్న జట్టు.

2017లో మన దేశంలో జరిగిన అండర్-17 ప్రపంచకప్‌ను గుర్తుచేసుకోండి. భారత్ మూడు మ్యాచ్‌లూ ఓడింది. అమెరికా మూడు, కొలంబియా రెండు, ఘనా నాలుగు గోల్స్ కొట్టాయి. మొత్తం తొమ్మిది. అయినా ఆ పోటీల తర్వాత మనవాళ్లలో అందరికన్నా ఎక్కువ మెప్పు పొందినవాళ్లలో ఒకడు గోల్‌కీపర్ ధీరజ్ సింగ్. తొమ్మిది వదిలినవాడిని ఎందుకు మెచ్చుకున్నారు? అతను ఆపినవి ఎన్నో జనం కళ్లారా చూశారు కాబట్టి. లెక్కబోర్డు వదిలినవాటినే చూపిస్తుంది. ఆపినవాటికి అందులో గడి లేదు.

అంతమాత్రాన కీపర్ తప్పే చేయడనుకోవద్దు. చేతిలోకి వచ్చిన బంతిని జారవిడిస్తే, తన పక్కనున్న పోస్టు వైపు సందు వదిలేస్తే, బయటికి రావాలా వద్దా అని తటపటాయించి సగం దారిలో నిలబడిపోతే అది అతని తప్పే. నోరు తెరిచి డిఫెన్స్‌ను హెచ్చరించకపోవడం ఇంకా పెద్ద తప్పు. గ్రౌండ్ మొత్తం ఎదురుగా కనిపించేది అతనొక్కడికే. "ఎడమకు చూడు", "నాది, వదులు" అని అరవాల్సింది అతనే. పదహారేళ్ల పిల్లవాడు తనకన్నా పెద్ద సీనియర్ల మీద అరవడానికి జంకుతాడు. ఆ ధైర్యం ఇవ్వాల్సింది కోచ్, పక్కనున్న సీనియర్లు.

కాబట్టి ఓడిన రోజు తీర్పు చెప్పే ముందు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. బంతి ఎంత దూరం నుంచి వచ్చింది? తన్నినవాడికి దగ్గరలో మనవాళ్లు ఎవరైనా ఉన్నారా? బంతి మొదట ఎవరి దగ్గర పోయింది? దూరం నుంచి మెల్లగా వచ్చిన బంతి అయితే కీపర్‌ను అడగండి. దగ్గర నుంచి, ఒంటరిగా వచ్చినవాడు కొట్టినదైతే మిగతా పదిమందినీ అడగండి. పెద్ద క్లబ్బులు ఇప్పుడు చేస్తున్నదీ ఇదే. ఎన్ని గోల్స్ పడ్డాయన్నది మాత్రమే కాదు, కీపర్ మీదికి వచ్చిన షాట్లు ఎంత కష్టమైనవో లెక్కగట్టి అతని పనితనం తేలుస్తున్నాయి.

నింద భయం ఆటనే ఎలా చెడగొడుతుందో ఇజ్రాయెల్ పరిశోధకులు 2007లో చూపించారు. వాళ్లు 286 పెనాల్టీలు పరిశీలించారు. బంతులు దాదాపు మూడోవంతు మధ్యకే వచ్చాయి. మధ్యలో నిలబడితేనే ఆపే అవకాశం ఎక్కువ. కానీ కీపర్లు అలా నిలబడింది నూటికి ఆరుసార్లే. ఎందుకు? దూకి వదిలితే "పాపం, ప్రయత్నించాడు" అంటారు. నిలబడి వదిలితే "బొమ్మలా నిలబడ్డాడు" అంటారు. అంటే జనం నోటికి భయపడి వాళ్లు తప్పు దారి ఎంచుకుంటున్నారన్నమాట. ఆరితేరిన ఆటగాళ్లదే ఈ పరిస్థితి అయితే మన స్కూలు పిల్లల మాటేమిటి?

ఇది ఒక్క ఫుట్‌బాల్ సంగతి కాదని మీకు ఈపాటికే తట్టి ఉంటుంది. బడిలో చదువు సరిగా సాగకపోయినా, ఏడాదిలో సగం రోజులు లెక్కల సారు లేకపోయినా, పరీక్ష తప్పినప్పుడు మాటలు పడేది పిల్లవాడే. మన ఊళ్ల నుంచి దుబాయి, మస్కట్ పోయినవాడు ఏజెంటు చేతిలో మోసపోయి తిరిగొస్తే "నీకు తెలివి లేదా" అని ఆ ఒక్కడినే అంటాం. అప్పు ఎందుకైంది, ఆ కాగితాలు ఎవరు చూశారు అని ఇంట్లోవాళ్లం మనల్ని మనం అడుగుకోం. చివర నిలబడ్డవాడి మీద తప్పు వేస్తే మిగతా అందరికీ నిద్ర పడుతుంది. అదీ అందులో ఉన్న సుఖం.

ఇంట్లో ఫుట్‌బాల్ ఆడే కొడుకో బిడ్డో ఉంటే, ఓడిపోయి వచ్చిన రోజు "ఎన్ని గోల్స్ పడ్డయి?" అని మొదలుపెట్టకండి. "ఎన్ని ఆపినవ్ బిడ్డా?" అని అడగండి. ఆ లెక్క వాళ్లకు కచ్చితంగా గుర్తుంటుంది. గల్ఫ్ నుంచి ఫోన్ చేసే బాపు కూడా అదే అడిగితే ఇంకా మంచిది. పీఈటీ సారు మరుసటి రోజు కీపర్‌ను ఒక్కడినే కాకుండా మొత్తం డిఫెన్స్‌ను పిలిచి, గోల్ ఎక్కడ మొదలైందో మట్టిలో గీత గీసి చూపిస్తే ఇంకా మేలు. గోల్ పడితే పిల్లలు మళ్లీ లేచి నిలబడతారు. జట్టంతా కలిసి వేలు చూపించిన పిల్లవాడు మాత్రం గ్లవ్స్ విప్పేసి మళ్లీ గ్రౌండ్ వైపు రాడు. ఆ నష్టం ఏ లెక్కబోర్డు మీదా కనబడదు.