సున్నా వడ్డీకి వడ్డీ ఎంత?



ఈ సంచికలో సాహిత్యం గురించి, సమాజం గురించి మిత్రులు ఎన్నో మంచి విషయాలు రాస్తారు. నేను రాయదలచినది చిన్న సంగతి. మన జేబు సంగతి. చిన్నదే గదా అని పేజీ తిప్పవద్దని మనవి.

రెండవ సంవత్సరంలోకి వచ్చిన కొత్తలో కరీంనగర్ బజారులో ఒక సెల్‌ఫోను కొన్నాను. రొక్కమైతే పద్నాలుగు వేలు. వాయిదాల మీద అయితే పదిహేను వేలు. నెలకు రెండున్నర వేల చొప్పున ఆరు నెలలు కట్టాలి. "వడ్డీ సున్నా తమ్మీ" అన్నాడు కౌంటరు మీది అన్న. ఫైలు ఖర్చు అని 499 రూపాయలు ముందే కట్టించుకున్నాడు. నేను సంబరంగా సంతకం పెట్టి వచ్చాను.

దసరాకు ఊరికి పోతే మా బాపు ఆ ఫోనును తిప్పి తిప్పి చూసి "ఎంత పడ్డది బిడ్డా?" అని అడిగిండు. చెప్పాను. ఆయన చదివింది ఏడో తరగతి. జేబులోని చిట్టీ వెనుక పెన్సిలుతో లెక్క వేసిండు.

"రొక్కమైతే పద్నాలుగు వేలు. నువ్వు కట్టేది పదిహేను వేల నాలుగు వందల తొంభై తొమ్మిది. మీది పదిహేను వందలు ఎవలకు వోయినట్టు? మూడు రూపాయల వడ్డీ దాటింది గదరా! ఊర్లె మూడు రూపాయల వడ్డీకి నేనేనాడన్న తెచ్చిన్నా?"

నాకు నోట మాట రాలేదు. తరువాత నేను కూడా లెక్క చేశాను. ముందే 499 కట్టాను కాబట్టి నా చేతికి నిజంగా వచ్చిన అప్పు 13,501 రూపాయలే. అదైనా ఆరు నెలలూ నా దగ్గర పూర్తిగా ఉండలేదు, నెలనెలా తిరిగి కడుతూనే ఉన్నాను. ఆ ప్రకారం లెక్క తీస్తే నెలకు నూటికి మూడు రూపాయల పైచిలుకు తేలింది. అనగా ఏడాదికి ముప్పయి ఏడు. రైతుకు బ్యాంకులో పంట రుణం ఏడాదికి ఏడు శాతం. గడువులోపల కడితే నాలుగు శాతమే. బాపు నాలుగు శాతానికి తెచ్చి సేద్యం చేస్తుంటే, డిగ్రీ చదివే కొడుకు ముప్పయి ఏడు శాతానికి ఫోను తెచ్చుకున్నాడు! ఆ పదిహేను వందల కోసం మా అవ్వ ఎన్ని వేల బీడీలు చుట్టాలో ఆ రాత్రి నాకు తలపుకు వచ్చింది.

ఇది నా ఒక్కడి తెలివితక్కువతనం కాదు. సున్నా వడ్డీ అనే మాటే తప్పుదారి పట్టించేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులను హెచ్చరించింది. వడ్డీని ఫీజుల చాటున దాచవద్దనీ, దుకాణదారు ఇచ్చే తగ్గింపును అప్పు మొత్తంలోనే తగ్గించాలనీ చెప్పింది. 2024 అక్టోబరు 1 నుంచి ఇటువంటి కొత్త అప్పులకు ముఖ్య వివరాల పత్రం ఒకటి ముందుగా ఇవ్వాలని నియమం ఉన్నది. అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో అందులో రాసి ఉండాలి. సంతకానికి ముందు ఆ కాగితం అడుగుదాం. రొక్కం ధర ఎంతో కూడా అడుగుదాం. ఈ రెండు ప్రశ్నలకు ఖర్చేమీ లేదు.

"ఒక్కసారి అంత రొక్కం పేదోనికి ఎక్కడిది?" అని మిత్రులు అడగవచ్చు. నిజమే. వాయిదా పాపమని నేను అనడం లేదు. కుట్టు మిషను కొని నాలుగు పైసలు సంపాదించే అక్కకు, చదువుకు ల్యాప్‌టాప్ తప్పని విద్యార్థికి వాయిదా అక్కరకు వస్తుంది. కాని పాత ఫోను బాగానే పని చేస్తుండగా కొత్తది ఉద్దెర తెచ్చుకోవడం అప్పు చేసి పప్పుకూడు తినడం వంటిదే.

ఇక రెండవ పొరపాటు, తక్కువ ధర చూసి మోసపోవడం. పంఖా సంగతే చూద్దాం. పాత రకం పంఖా 75 వాట్ల కరెంటు తాగుతుంది. బీఎల్‌డీసీ మోటారు పంఖాకు 30 వాట్లు చాలు. రోజుకు పన్నెండు గంటలు తిరిగితే నెలకు పదహారు యూనిట్ల తేడా. యూనిటు ఐదు రూపాయలు అనుకున్నా నెలకు ఎనభై రూపాయలు. కొనేటప్పుడు వెయ్యి, పన్నెండు వందలు ఎక్కువ పెట్టినా, పద్నాలుగు పదిహేను నెలలు తిరిగేసరికి ఆ సొమ్ము వచ్చేస్తుంది. మన ఎండలకు పంఖా లేకుండా ఏ ఇల్లు ఉంటుంది?

ఇంకొక మాట. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులైన ఇండ్లకు 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వస్తున్నది. ఆ గీత దాటిన నెల బిల్లు కట్టవలసిందే. గీత దగ్గర ఉన్న ఇంటికి రెండు మంచి పంఖాలతో ముప్పై రెండు యూనిట్లు మిగిలితే అది చిన్న లాభమా? ఫ్రిజ్ కొనేటప్పుడు కూడా నక్షత్రాలు ఒక్కటే చూడరాదు. లేబులు మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు ఖర్చవుతుందో అంకె ఉంటుంది. అసలు చూడవలసింది ఆ అంకె.

రామగుండంలో 1983 నుంచి ఎన్‌టీపీసీ కరెంటు తయారు చేస్తున్నది. మన సింగరేణి కార్మికుడు భూమి లోపలికి దిగి తెచ్చిన బొగ్గుతోనే ఆ దీపాలు వెలుగుతున్నవి. ఆ కరెంటును వృథా చేయకపోవడం మన జేబుకే కాదు, ఆ చెమటకు కూడా మర్యాద.

అన్ని జాగ్రత్తలు తీసుకున్నా వస్తువు చెడ్డది రావచ్చు. అప్పుడు తల రాత అనుకొని ఊరుకోవద్దు. 1986లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019 చట్టం 2020 జూలై నుంచి అమలులో ఉన్నది. ఐదు లక్షల లోపు కొనుగోలుకు జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. రెండేండ్ల లోపల ఫిర్యాదు చేయాలి. 1915 నంబరుకు ఫోను చేసి కూడా మొర పెట్టుకోవచ్చు. అయితే చేతిలో రసీదు ఉండాలి. "బిల్లు లేకుంటే రెండు వందలు తగ్గిస్త" అన్నప్పుడు మనం అమ్ముకునేది ఈ హక్కునే.

చివరగా మన విద్యార్థి సంఘానికి ఒక సూచన. గ్రంథాలయంలో ఒక ధరల పుస్తకం పెట్టండి. ఎవరు ఏ వస్తువు కొన్నా రొక్కం ధర, వాయిదా ధర, ఎన్నాళ్లు పని చేసింది, మరమ్మతుకు ఎంత అయింది అందులో రాయాలి. ఏటా డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, దానిని అందరి ముందు చదవాలి. మొదటి పేజీలో నా పద్నాలుగు వందల తొంభై తొమ్మిది రూపాయల లెక్క నేనే రాస్తాను. సిగ్గుపడను. నా తరువాత వచ్చే తమ్ముడు, చెల్లె ఆ సొమ్ము పోగొట్టుకోకుంటే చాలు.