పన్ను భిక్ష కాదు

చట్టమును మీఱకుండ ధర్మమును మీఱుట సాధ్యమా యని యెవరైన నడిగినచో, 2012లో బ్రిటనున వెల్లడియైన యొక యుదంతమును చూపవచ్చును. స్టార్‌బక్స్ అను అమెరికా కాఫీ కంపెనీ 1998లో ఆ దేశమున నడుగిడెను. 14 ఏండ్లలో 300 కోట్ల పౌనులకు పైగా అమ్మకములు జరిపి, లాభములపై అచ్చట చెల్లించిన పన్ను 86 లక్షల పౌనులు మాత్రమే!

పన్ను లాభముపై గాని అమ్మకముపై కాదు గదా యందురు. నిజమే. లాభమే లేదని చూపుటలోనే నేర్పంతయు నున్నది. పేరు వాడుకొనుటకు రుసుమని నెదర్లాండ్సులోని సోదర సంస్థకు కొంత పోయెను. గింజలను స్విట్జర్లాండులోని మఱియొక సోదర సంస్థద్వారా కొనిరి. తమవారి యప్పులకే వడ్డీ కట్టిరి. సొమ్ము చేతులు మాఱెనేగాని యిల్లు దాటలేదు. బ్రిటను లెక్కలలో నష్టము చూపుచున్న కాలముననే, వ్యాపారము లాభసాటిగా నున్నదని పెట్టుబడిదారులకు చెప్పుచుండిరి.

ఇందు చట్టవిరుద్ధమేమియు లేదు. పన్ను తగ్గునట్లు తన వ్యవహారములను దిద్దుకొను హక్కు ప్రతివానికిని గలదని 1935లో వెస్ట్‌మినిస్టరు డ్యూకు వ్యాజ్యమున ప్రభువుల సభ తీర్పు చెప్పియున్నది. న్యాయస్థానములలో మెలగు మేము ఆ సూత్రమును త్రోసివేయజాలము. కాని యా హక్కు అందఱికిని అందుచున్నదా? అదే వీధిలో కాఫీ యమ్ముకొను చిన్న వర్తకునకు నెదర్లాండ్సులో సోదరుడు లేడు. అతడు పన్ను కట్టగా వేసిన బాటమీదనే కంపెనీ బండ్లు నడచును.

2012 నవంబరులో పార్లమెంటు లెక్కల సంఘము ఈ కంపెనీవారిని, గూగుల్, అమెజాన్ ప్రతినిధులతోబాటు పిలిపించి ప్రశ్నించెను. ప్రజలు మండిపడిరి. డిసెంబరులో కంపెనీ దిగివచ్చి, రెండేండ్లలో సుమారు 2 కోట్ల పౌనులు చెల్లింతుమనెను. దీనిని ప్రజావిజయమనువారు కలరు. మాకట్లు తోచదు. ఎంత చెల్లింపవలయునో చెల్లించువాడే నిర్ణయించినచో అది పన్ను కాదు, భిక్ష. ఆగ్రహమునకు వెఱచి యిచ్చినవాడు ఆగ్రహము చల్లారిన మఱునాడు మానుకొనును.

కావున కంపెనీల మనస్సాక్షికి మొఱపెట్టుకొని యూరకుండరాదు. ఒక దేశము కట్టిన గట్టును పొరుగుదేశము తెగగొట్టుచుండగా నీరు నిలుచునా? పెద్ద కంపెనీల లాభములపై నూటికి 15 వంతుల కనీసపు పన్ను ఉండవలయునని 2021లో నూటముప్పదికి పైగా దేశములు ఒప్పుకొనెను. సందులు మిగుల్పక అమలుజరిపినగాని యా యొప్పందమునకు విలువ లేదు.

పన్ను పదిమంది కలిసి మోయు బరువు. ఒకడు భుజము తప్పించినచో ఆ భారము ప్రక్కవానిపైననే పడును. అది చట్టసమ్మతమైనంతమాత్రమున న్యాయమగునా?