ఆంత్రేకు లేని తప్పు అంగడికి ఎందుకు?

ఫ్రెంచివారి భోజనపు మాటలలో 'ఆంత్రే' ఒకటి. ప్రవేశమని దాని మూలార్థం. ఫ్రాన్సులో ద్వారాల మీదా ఆ మాటే కనిపిస్తుంది, భోజనశాలల వంటకాల పట్టికలోనూ అదే కనిపిస్తుంది. 1954 వరకు ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న యానాం పెద్దలకు ఈ భాష కొత్త కాదు. ఇంగ్లీషువారు ఈ మాటను పద్దెనిమిదవ శతాబ్దంలో అరువు తెచ్చుకొన్నారు. నేడు ఆస్ట్రేలియాలో ఆంత్రే తెమ్మంటే అసలు భోజనానికి ముందు తినే చిన్న వంటకం వస్తుంది. అమెరికాలో అదే మాటకు భోజనంలోని ప్రధాన వంటకమే వస్తుంది. కెనడా సంగతి మరీ చిత్రం. అక్కడి ఇంగ్లీషువారికి సాధారణంగా అది ప్రధాన వంటకం, క్యుబెక్ ఫ్రెంచివారికి తొలి వంటకం.

ప్రవేశమంటే మొదటిది కదా, అమెరికావారే పొరబడ్డారని తీర్పు చెప్పడం సులభం. చరిత్ర తిరగవేస్తే అంత సులభంగా తేలదు. పదిహేడు, పద్దెనిమిదవ శతాబ్దాలలో ఫ్రెంచి సంపన్నుల ఇళ్లలో వంటకాలను ఒకదాని వెంట ఒకటిగా వడ్డించేవారు కారు. మన పంక్తిలో ఆకు నిండా వడ్డించినట్లు, విడతకు ఎన్నో వంటకాల చొప్పున బల్ల నిండా పరిచేవారు. మొదటి విడతలో సూపులతో పాటు వచ్చే వేడి మాంసపు వంటకాలకు ఆంత్రేలని పేరు. 1651లో వెలువడిన లా వరెన్ పాకశాస్త్ర గ్రంథంలోనే ఈ పేరు ఉంది. అవి చిరుతిండ్లు కావు, కడుపు నింపేవి. పందొమ్మిదవ శతాబ్దంలో రష్యా పద్ధతి వ్యాపించి, వరుస వడ్డన మొదలైంది. సూపు, చేప, ఆపైన ఆంత్రే, పిదప కాల్చిన మాంసం అనే క్రమం ఏర్పడింది. ఇరవయ్యవ శతాబ్దంలో విందులు కుదించుకుపోగా, అమెరికాలో ఆ పేరు బరువైన వంటకాన్ని అంటిపెట్టుకొన్నది. ఫ్రాన్సులో మొదటి స్థానాన్ని అంటిపెట్టుకొన్నది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ భాషావేత్త డాన్ జురాఫ్‌స్కీ ఆహారభాషపై 2014లో ప్రచురించిన గ్రంథంలో ఈ కథను విపులంగా చర్చించారు. మాంసపు వంటకమనే పాత లక్షణం పుట్టినింట చెరిగిపోయి, సముద్రం దాటినచోట నిలిచిందన్నమాట.

ఇంత భేదం ఉన్నా ఇంగ్లీషు నిఘంటువులు ఏ ఒక్కరి వాడుకనూ అపభ్రంశమనవు. ఫలానా దేశంలో ఇది, ఫలానా దేశంలో అది అని రెండర్థాలనూ పక్కపక్కనే చూపుతాయి.

మన సంగతి చూడండి. రాయలసీమలోను, దానిని ఆనుకొన్న హోసూరు, బళ్లారి సీమలలోను అంగడి అంటే నిత్యం సరుకులు అమ్మే కొట్టు. తెలంగాణ పల్లెలలో అంగడి అంటే వారానికొకసారి కూడే సంత. 'సద్ది' మరింత రుచికరమైన ఉదాహరణ. కోస్తావారికి చద్ది అంటే రాత్రి మిగిలిన అన్నం. తెలంగాణలో పొలానికి మూటగట్టుకొని పోయే అన్నమూ సద్దే. సద్దుల బతుకమ్మనాడు కమ్మగా కలిపి నివేదించేవీ సద్దులే, వాటిలో పాచిది ఏమీ లేదు. పోతన భాగవతంలో గోపబాలురు అడవికి తీసుకుపోయి ఆరగించిన చల్దులను తలచుకొంటే, తెలంగాణ అర్థం నిన్నటిది కాదని తెలుస్తుంది. కోస్తా అర్థమూ తప్పు కాదు. ఒక మాట రెండు దారులు పట్టింది, అంతే.

అయినా, సోలాపురం నేతగాళ్ల ఇంటి బిడ్డ గాని, హోసూరు రైతు బిడ్డ గాని తన ఇంటి మాట పలికితే 'అది సరైన తెలుగు కాదు' అనేవారు నేటికీ ఉన్నారు. అనేవారు పరాయివారు కారు, మనవారే. పాఠ్యపుస్తకంలోని మాట ఇంట వినపడదు, ఇంటి మాట పుస్తకంలో కనపడదు. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరగతి వెంట తరగతిగా తమిళాన్ని తప్పనిసరి చేసింది. తెలుగుకు బడిలో చోటు ఇరుకైనచోట మిగిలేది వంటిల్లే. ఆ వంటింటి మాటను కూడా ఎగతాళి చేస్తే బిడ్డ ఎటు పోతాడు? రెండు తెలుగులలో ఏది ఒప్పో తేల్చుకొనే తీరిక వానికి ఉండదు. ఇరుగుపొరుగు భాషలోకి జారుకొంటాడు, అక్కడ వానిని తప్పుపట్టేవారు తక్కువ. ప్రభుత్వాలను నిలదీయవలసిందే, అయితే ఈ గాయం మనం చేసుకొంటున్నదే.

ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన 1962లో వ్యవసాయ పదాల మాండలిక వృత్తిపదకోశం వచ్చింది. ఒకే వస్తువుకు ఏ జిల్లాలో ఏ పేరో చూపిన పని అది. అటువంటి కోశం వంటిల్లు, పండుగ, చుట్టరికాల మాటలతో సరిహద్దులకు ఆవలి తెలుగుకు కావాలి. హోసూరు, బళ్లారి, సోలాపురం, గంజాం, యానాం అన్నిటినీ కలుపుకొని రావాలి. అందులో 'గ్రామ్యం' అనే ముద్ర ఉండరాదు. మాట, దాని అర్థం, పలికే ఊరు, ఆ మాట వచ్చే ఒక వాక్యం ఉంటే చాలు. విద్యాపీఠాలు పూనుకొనేదాకా ఆగనక్కరలేదు. వచ్చే పండుగకు ఇల్లు చేరిన ముసలివారిని కూర్చోబెట్టి, సద్ది అంటే మన ఊళ్లో ఏమిటి, అంగడి అంటే ఏమిటి, పులుసుకూ చారుకూ తేడా ఎక్కడ అని అడిగి, వారు చెప్పిన మాటను చెప్పినట్లే ఒక నోటుపుస్తకంలో రాయించండి. రాసేది పిల్లలే కావాలి.