సముద్రం అడుగున మాట

ఫోనులో మాట ఆకాశమార్గాన వస్తుందని మనలో చాలామంది నమ్మకం. ఎవరినడిగినా పైకి వేలు చూపించి "శాటిలైటు" అంటారు. బొత్తిగా అబద్ధమని కాదు గాని, ఒక ఖండం నుంచి మరో ఖండానికి పోయే సమాచారంలో నూటికి 95 పాళ్లకు పైగా సముద్రం అడుగున, చేపల మధ్యనుంచి పోతున్నది.

ఆ కేబులు ఎంత లావుంటుందనుకున్నారు? నడిసముద్రంలో అయితే, పెరట్లో మొక్కలకు నీళ్లుపట్టే గొట్టమంత! లోపల తలవెంట్రుకల్లాంటి గాజుపోగులు. మన మాటలు, ఉత్తరాలు, పెళ్లిఫోటోలు అన్నీ వెలుగై వాటిలో పరుగెడతాయి. పోగా పోగా వెలుగు మసకబారుతుంది కనుక, కొన్ని పదుల కిలోమీటర్లకు ఒకచోట దానికి సత్తువ పోసే యంత్రం ఉంటుంది. ఆ యంత్రానికి కరెంటు కూడా ఒడ్డునుంచి అదే కేబులులో వెళ్లాలి. ఒడ్డు దగ్గరపడితే పైన ఉక్కు తీగెలు చుట్టి, వీలైనచోట ఇసుకలో పాతిపెడతారు. సొరచేపలు కొరుకుతాయంటారు. కొరికిన మాట నిజమే గాని, పాపం వాటి వాటా బహుకొద్ది. ప్రపంచం మొత్తంమీద ఏటా 150 నుంచి 200 సార్లు కేబుళ్లు దెబ్బతింటున్నాయి. అందులో ఎక్కువభాగం మనుషుల వలలవల్లా, లంగర్లవల్లానే.

ఈ సంగతి మనకెందుకంటారా? అండమాను దీవుల్లో తెలుగువాళ్లు తక్కువమంది లేరు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాలనుంచి ఓడెక్కి వెళ్లి అక్కడే స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో. 2020 దాకా ఆ దీవులకు ఇంటర్నెట్టంటే ఉపగ్రహం ఒక్కటే దిక్కు. ఊరంతటికీ ఒకటే బావి ఉంటే బిందెల వరస ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. 2018 డిసెంబరు 30న శంకుస్థాపన చేసి, 2020 ఆగస్టు 10న కేబులు ప్రారంభించారు. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిరుకు (2024లో దాని పేరు శ్రీవిజయపురమైంది), అక్కడినుంచి లిటిల్ అండమాను, కార్ నికోబారు, కమోర్టా, గ్రేట్ నికోబారు వంటి దీవులకు. మొత్తం సుమారు 2,300 కిలోమీటర్లు. ఖర్చు 1,224 కోట్ల రూపాయలు.

మా బావమరిది వ్యాపారి. ఈ అంకె వినగానే కాగితం, పెన్సిలు తీశాడు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో ఉన్నవారు సుమారు 3,80,000. "తలకు ముప్ఫైరెండువేలు! ఏ షావుకారు పెడతాడు బావా ఈ పెట్టుబడి?" అన్నాడు. ఎవరూ పెట్టరు. పెట్టరు కనుకనే టెలిఫోను కంపెనీల రాబడిలోంచి కొంత తీసి, గిట్టుబాటుకాని చోట్లకోసం ప్రభుత్వం కూడబెట్టిన నిధిలోంచి ఈ ఖర్చు పెట్టారు. అంటే దేశంలో ఫోను వాడేవాళ్లందరి పైసలూ అందులో ఉన్నాయి. నా పైసలు ఇంతకంటే మంచి పనికి పోయిన గుర్తు నాకు లేదు.

ఒక్క కేబులుమీద బ్రతకడమంటే ఏమిటో పసిఫిక్ సముద్రంలోని టోంగా రాజ్యాన్ని అడగాలి. జనాభా లక్షకు కాస్త పైన. 2022 జనవరి 15న అక్కడ సముద్రంలో అగ్నిపర్వతం బద్దలైంది. ఫిజీకి కలిపే 827 కిలోమీటర్ల కేబులు ముక్కలైంది. న్యూజిలాండులో, ఆస్ట్రేలియాలో ఉన్న కొడుకులకూ కూతుళ్లకూ కన్నవాళ్లు ఉన్నారో లేరో తెలియలేదు. అక్కడి సంసారాలు చాలావరకు పైదేశాలనుంచి వచ్చే డబ్బుమీదనే నడుస్తాయి. ఆ డబ్బుకీ దారి మూసుకుపోయింది. మరమ్మతు ఓడ పాపువా న్యూగినీ నుంచి రావలసి వచ్చింది. కొక్కేలు వేసి, తెగిన కొసలు పైకిలాగి, కొత్త కేబులు అతికి పని ముగించేటప్పటికి ఫిబ్రవరి 22. అదీ పెద్ద దీవికి మాత్రమే. దూరపు దీవులకు పోయే దేశీయ కేబులు బాగుపడటానికి దాదాపు ఏడాదిన్నర పట్టింది. నాకు బాధ కలిగించింది ఈ రెండో ముక్కే. దూరంగా, కొద్దిమందిగా ఉన్నవాళ్లది ఎప్పుడూ వరసలో చివరి చోటేనా?

అందుకని, ఏ దీవికైనా కేబుళ్లు రెండుండాలి, రెండూ వేరువేరు దారుల్లో పోవాలి అంటాను నేను. ఈ మాట చెప్పేసరికి మావాడు మళ్లీ పెన్సిలు తీశాడు.

"రెండోదానికి కూడా తలకు ముప్ఫైరెండువేలేనా?"

"అంతే అవుతుంది, వేసుకో" అన్నాను.