తుపాకీకి నగలు ముందా?

ఫ్లింట్‌లాక్ రైఫిల్ చేయించుకునేవాళ్ళు మొదట ఇత్తడి నగిషీలు అడుగుతారు. నేను ఒప్పుకోను. పైన పటారం, లోన లొటారం!

ముందు లాక్‌కి డబ్బు పెట్టండి. ఫ్లింట్‌ని మనం చెకుముకి రాయి అంటాం. అది ఉక్కును గీరగానే నిప్పురవ్వలు మందు మీద పడాలి. మందు ఆలస్యంగా అంటుకుంటే చెయ్యి కదులుతుంది, గురి తప్పుతుంది.

తర్వాత కొలత. వెనక చెక్క మీ భుజానికి సరిపోవాలి. బ్యారెల్ మధ్యలో సన్నగా ఉంటే ముందు బరువు తగ్గుతుంది.

"నగిషీయే సంప్రదాయం కదా" అంటారు. కాదు, సరిగ్గా పేలడమే సంప్రదాయం. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తర్వాత ఫ్లింట్‌లాక్‌తో జింకల వేట ఇప్పటికీ ఉంది. గురి తప్పితే జింక గాయంతో పారిపోయి ఎక్కడో చస్తుంది. దానికి ఇత్తడి పువ్వు జవాబు చెప్తుందా?

డబ్బు మిగిలితే అప్పుడు నగలు పెట్టించండి.