పట్టా అరిగేది పైనుంచేనా?

తుని స్టేషన్లో రైలు కోసం ఎదురుచూసేటప్పుడు పట్టాల వైపు ఓసారి చూడండి. పక్కలు తుప్పురంగు, పైభాగం మాత్రం అద్దంలా మెరుపు. హౌరా-చెన్నై ప్రధాన మార్గం కదా, రాత్రీపగలూ చక్రాలు తిరుగుతూనే ఉంటాయి. ఆ రాపిడికి ఉక్కు సబ్బుబిళ్లలా పైపైనుంచి అరిగిపోతుందనుకుంటాం. అది సగం నిజమే.

చక్రం దొర్లడమే కాదు, కొద్దిగా జారుతుంది కూడా. వంపుల దగ్గరైతే చక్రం అంచు పట్టా పక్కను ఒరుసుకుంటూ పోతుంది. ఆ ఒత్తిడికి ఉక్కు పైపొర సాగిపోతుంది, అడుగున ఉన్న లోహం అంతగా కదలదు. ఈ లాగులాటలో లోపలి మలినాల చుట్టూ సూక్ష్మమైన ఖాళీలు ఏర్పడతాయి. అవి ఒకదానితో ఒకటి కలిసి, ఉపరితలం కిందుగా అడ్డంగా పగులవుతాయి. చివరికి పూతరేకు పొర లేచినట్టు పలుచటి రేకు ఊడివస్తుంది. 1973లో అమెరికాలోని ఎంఐటీ ఆచార్యుడు నామ్ సూ ఈ సంగతి ప్రతిపాదించేదాకా అరుగుదలంటే పైపైన జరిగేదేనని చాలామంది భావించేవారు.

మలినాల్లో ముఖ్యమైంది గంధకం. ఎక్కువగా కోక్ బొగ్గులోంచి వచ్చి, మాంగనీసుతో కలిసి మాంగనీస్ సల్ఫైడ్‌గా ఉండిపోతుంది. మెత్తనిది కాబట్టి రోలింగ్ మిల్లులో ఉక్కుతోపాటే పోగులా సాగుతుంది. పగులు ఆ పోగు వెంబడే సులువుగా పాకుతుంది. అల్యూమినా సంగతి వేరు. అది గట్టి రవ్వ, బియ్యంలో రాయిలాంటిది. ఊడి బయటపడిందంటే రెండు లోహాల మధ్య ఇసుకరేణువులా గీతలు పెడుతుంది. పట్టాల ఉక్కులో అల్యూమినియాన్ని బాగా తక్కువకు పరిమితం చేయడానికి ఈ రవ్వల భయం ఒక ముఖ్య కారణం. మన రైల్వేకు పట్టాలు చేసే భిలాయ్ కర్మాగారంలో కరిగిన ఉక్కులోంచి వాయువుల్ని సైతం శూన్యంలో తోడేస్తారు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, పగులు అడ్డంగా సాగితే పొర ఊడుతుంది, అంతే. అదే కిందికి తిరిగిందా, పట్టా విరుగుతుంది! పైన నున్నగా కనిపించే పట్టాల్ని కూడా అతిధ్వని తరంగాలతో పరీక్షించేది అందుకే.

అలాగని లోపలున్న పరాయి పదార్థమల్లా శత్రువు కాదు. పొలంలో నీళ్లు తోడే ఆయిలింజను లైనరు పోత ఇనుముది. అందులో విడిపోయిన కార్బన్ గ్రాఫైట్ రేకులుగా ఉంటుంది, పెన్సిల్లో ఉండేదే. పిస్టన్ రింగులు రాసుకుంటున్నప్పుడు అది పలుచగా పరుచుకుని కందెనలా పనిచేస్తుంది. పగిలిన లైనరు ముక్క ఎక్కడైనా కనిపిస్తే విరిగినచోట చూడండి, బూడిదరంగుగా ఉంటుంది. ఆ రంగు గ్రాఫైట్‌దే.