మిగిలిన మందులు ఎవరికి ఇవ్వాలి?



హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారి ఇళ్లలో మందులు మిగిలిపోవడం అరుదేమీ కాదు. డాక్టరుగారు మందులు మారుస్తారు, పాత డబ్బా బీరువాలోనే ఉండిపోతుంది. కొన్నిసార్లు మందు వాడే మనిషే ప్రభువునందు నిద్రిస్తారు, మూత తీయని డబ్బాలు మిగులుతాయి. వాటిని సంచిలో పెట్టుకొని వచ్చి "ఎవరైనా లేనివారికి ఇవ్వండి" అని అడిగేవారి మనసు మంచిది. అయితే ఆ మంచి మనసుకు సరైన దారి ఉండాలి. ఆ దారి చట్టం వేయాలన్నది నా అభిప్రాయం.

ఈ ప్రశ్న మనకంటే ముందు అమెరికాలో వచ్చింది. అక్కడ ఈ మందుల ఖరీదు నెలకు వేల డాలర్లు. 2011లో ప్రభుత్వ సహాయంతో మందులు పొందడానికి తొమ్మిది వేల మందికి పైగా పేర్లు రాయించుకొని తమ వంతు కోసం ఎదురుచూశారు. అదే దేశంలో మంచి మందులు చెత్తబుట్ట పాలయ్యేవి. న్యూయార్కులో 1996లో ప్రారంభమైన ఎయిడ్ ఫర్ ఎయిడ్స్ అనే సంస్థ, ఇలా మిగిలిన హెచ్.ఐ.వి. మందులను సేకరించి లాటిన్ అమెరికా దేశాల రోగులకు పంపుతూ వచ్చింది.

తర్వాత అక్కడి రాష్ట్రాలు ఒక్కొక్కటిగా చట్టాలు చేశాయి. ఇప్పటికి నలభైకి పైగా రాష్ట్రాల్లో ఇలాంటి చట్టాలున్నాయి. వాటిలో సాధారణంగా కనిపించే షరతులు ఇవి: కంపెనీ వేసిన సీలు చెక్కుచెదరకూడదు. గడువు తేదీ ఇంకా మిగిలి ఉండాలి. మత్తు కలిగించే మందులు తీసుకోకూడదు. ఫార్మసిస్టు పరీక్షించాలి. డబ్బాపై పాత రోగి పేరు చెరిపివేయాలి. కొత్త రోగికి డాక్టరు చీటీ ఉండాలి. నిజాయితీగా నియమాలు పాటించినవారిపై కేసులు రాకుండా రక్షణ కూడా ఇచ్చారు. అయితే చట్టం చేసి ఊరుకున్న రాష్ట్రాలూ ఉన్నాయి. ఐయోవా రాష్ట్రంలో మాత్రం 2007 నుంచి ఈ పని సక్రమంగా సాగుతోంది. కాగితం మీద చట్టం ఒక్కటే చాలదు, దాన్ని నడిపే మనుషులు కావాలని దీనివల్ల తెలుస్తోంది.

దీనికి అడ్డు చెప్పేవారి మాట కూడా వినాలి. ఒకసారి రోగి చేతికి వెళ్లి తిరిగి వచ్చిన మందులను విరాళంగా ఇవ్వరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లోనే నియమం పెట్టింది. తన దేశంలో పనికిరాదనుకున్నదాన్ని పేద దేశానికి పంపకూడదని కూడా చెప్పింది. అది న్యాయమైన మాట. ఎండలో ఉంచిన డబ్బానో, తేమ తగిలిన మాత్రనో కంటితో చూసి పోల్చుకోలేం. అందుకే తెరిచిన డబ్బాను ఎవరికీ ఇవ్వకూడదనే నేనూ అంటాను. సీలు తీయనిదాన్ని మాత్రం, బాధ్యత వహించే ఫార్మసిస్టు చేతుల మీదుగా మరొకరికి అందించడం తప్పు కాదు.

మన దేశంలో పరిస్థితి వేరు. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఎ.ఆర్.టి. మందులు ఉచితంగా ఇస్తోంది. 2017లో చేసిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులోకి వచ్చింది. కాబట్టి ఎ.ఆర్.టి. మాత్రల కోసం ఎవరూ పొరుగింటి డబ్బాపై ఆధారపడనవసరం లేదు. పైగా అది ప్రమాదం. టి.బి.కి రిఫాంపిసిన్ వాడేవారికి డోల్యుటెగ్రావిర్ రోజుకు రెండుసార్లు కావాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి టెనోఫోవిర్ హాని చేయవచ్చు. అబకావిర్ ఒకసారి పడనివారు మళ్లీ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. నాలుగు రోజులు వేసుకొని మానేస్తే వైరస్ మందుకు లొంగకుండా పోవచ్చు.

మరి చట్టం ఎవరికోసం? ఎయిడ్స్ రోగికి వచ్చే ఇతర వ్యాధుల మందులు, క్యాన్సరు మందులు చాలామంది సొంత డబ్బుతో కొంటున్నారు. పొలం తాకట్టు పెట్టి కొన్న ఇంజెక్షన్లలో సగం మిగిలితే, పక్క మంచం మీది రోగికి వాటిని అందించే సక్రమమైన మార్గం నేడు లేదు. 1940 నాటి మందుల చట్టం లైసెన్సు లేకుండా మందులు పంచడాన్ని ఒప్పుకోదు, అది మంచిదే. కాని లైసెన్సు గల ఆసుపత్రి ఫార్మసీ సీలున్న మందులను స్వీకరించి, పరీక్షించి, వెల తీసుకోకుండా ఇచ్చే వీలు ప్రభుత్వం కల్పించాలి. ఫ్రిజ్‌లో ఉంచవలసిన మందుల విషయంలో మరింత కఠినంగా ఉండాలి.

అంతవరకు మన వంతు మనం చేద్దాం. మిగిలిన ఎ.ఆర్.టి. మాత్రలను ఇచ్చిన సెంటరుకే తీసుకువెళ్లండి, అక్కడివారు లెక్క చూసుకొని ఏం చేయాలో నిర్ణయిస్తారు. మాత్రలు మిగిలాయని చెప్పడానికి సిగ్గుపడవద్దు. డబ్బాను చర్చిలో గాని, బంధువులకు గాని ఇవ్వవద్దు, దానిపై ఉన్న పేరు ఒక కుటుంబపు రహస్యం.

అయిదు రొట్టెలు పంచిన దినాన మన ప్రభువు మిగిలిన ముక్కలను పారవేయనివ్వలేదు. అలాగని ఎవరికి తోచినట్లు వారు ఏరుకోనూ లేదు, శిష్యులు గంపలకెత్తారు. వృథా కానివ్వని ప్రేమ, క్రమం తప్పని బాధ్యత రెండూ కలిసినప్పుడే మిగిలిన మందు మరొకరికి మేలు చేస్తుంది.